బడి దగ్గర స్టాపు

మా ఇంట్లో మనిషికో బండి పిచ్చి. మావయ్యగారు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో పట్టాల మీద నడవనిది బండే కాదు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా ఆడపడుచు డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పుతుంది. ఇంతమంది ఉండి ఏం లాభం? ఊరి బయటికి ఒక్క పూట వెళ్ళి రావాలంటే ఎద్దు ఎండకీ దున్న నీడకీ లాగినట్టే ఉంటుంది మా సంగతి. నేను బట్టల షాపులో ఆల్టరేషన్లు చేసే దర్జీని. ఒకరి ప్యాంటు పొట్టి చేస్తాను, ఇంకొకరి కోటు నడుము దగ్గర వదులు చేస్తాను. మనిషి నోటితో చెప్పే కొలత నేనెప్పుడూ నమ్మను, టేపు పెట్టి చూసుకుంటాను. ఈ ఇంట్లో వాళ్ళు దూరాల గురించి చెప్పే మాటలూ అంతే. ఎవరి దారి వాళ్ళకి దగ్గర.

ఆ ఆదివారం వెళ్ళాల్సింది పెద్దమ్మ దగ్గరికి. పెద్దమ్మ అంటే మా అత్తగారి అక్క. నాకు వరసకి పెద్దత్తగారు, కానీ మా ఆయనా, ఆడపడుచూ పెద్దమ్మా పెద్దమ్మా అంటుంటే నాకూ అదే అలవాటైంది. మా అత్తగారు చిన్నవయసులోనే పోయారు. మావయ్యగారు ఎప్పుడు చూసినా కేబిన్‌లోనే. పిల్లల్ని పెంచింది పెద్దమ్మే. ఆవిడ బస్సు కండక్టరు. చంటిపిల్లగా ఉన్న మా ఆడపడుచుని పక్కింటివాళ్ళకి అప్పగించి, మా ఆయన్ని మాత్రం బడి వదలగానే తన బస్సులో ఎక్కించుకునేది. ఇంజను పక్కసీటు మీద కూర్చుని ఆయన హోంవర్కు చేసేవాడట. "మా బుడ్డోడికి లెక్కలు రాలేదు గానీ స్టీరింగు తిప్పడం వచ్చేసింది" అని ఆవిడే నా పెళ్ళి కొత్తలో ఎగతాళి చేసింది. మా ఆయనకి మీసం వచ్చినా, ఆ మీసం నెరిసినా, ఆవిడకి బుడ్డోడే.

ఇప్పుడు ఆవిడకి మరుపు జబ్బు. మాతోనే ఉన్నప్పుడు తెల్లవారకముందే లేచి, భుజానికి సంచీ తగిలించుకుని డ్యూటీకి బయల్దేరేది. దారిలో బస్సుల వాళ్ళంతా తెలిసినవాళ్ళే గనక ఎవరో ఒకరు తీసుకొచ్చి దింపేవాళ్ళు. ఒకసారి మాత్రం హైవే మీద, లారీల మధ్య దొరికింది. ఇంక ఇంట్లో ఉంచుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నగరం దాటాక, కొండల దగ్గర, ఇలాంటి వాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి ఉంటే అక్కడ చేర్చాం.

మా ఆయన ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ పొద్దుటి డ్యూటీ దిగి, బస్సులు మారి, మధ్యాహ్నానికి చేరాడు. రెండుసార్లూ ఆవిడ "ఎవరు బాబూ మీరు?" అంది. మొదటిసారి వచ్చి నాతో చెప్పుకున్నాడు. రెండోసారి చెప్పలేదు. మొహం చూసి నేనే గ్రహించాను. పోయిన వారం మా ఆడపడుచు పొద్దున్నే వెళ్తే ఆవిడ గుర్తుపట్టిందట, జడ వేస్తానని దువ్వెన కూడా అడిగిందట. అది విన్న దగ్గర్నించీ మా ఆయనకి కాలు నిలవలేదు. హోమ్‌కి ఫోన్ చేశాం. నర్సు అసలు సంగతి చెప్పింది. పొద్దుటి పూట బాగానే ఉంటుంది, మనుషులు తెలుస్తారు. భోజనం చేసి కునుకు తీసి లేచిందంటే పలక తుడిచేసినట్టే. "ఆ పొద్దుటి పూట కూడా ఈమధ్య తగ్గిపోతోందమ్మా. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. వచ్చేదుంటే తొందరగా రండి" అంది.

మా ఆయన ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకున్నాడు. "భోజనం వేళ లోపు చేరాలి. ఒక్కసారి ఒరేయ్ బుడ్డోడా అంటే చాలు నాకు" అన్నాడు. ఆయన అంత మాట పైకి అనడం నేనెప్పుడూ వినలేదు.

అక్కడితో మొదలైంది. ఎలా వెళ్ళాలి?

"తెల్లారి ప్యాసింజర్ రైలుంది," అన్నారు మావయ్యగారు, శనివారం సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని. "ఎక్కి కూర్చుంటే అదే తీసుకెళ్తుంది."

"స్టేషన్లో దిగాక?" అన్నాడు మా ఆయన. "అక్కణ్ణించి హోమ్‌కి ఆటో లేదు, అడ్డదారి లేదు. నీ మోకాళ్ళతో నువ్వు నడుస్తావా?"

"నడుస్తాను. పట్టాలు దారి తప్పవురా. మీ రోడ్డుకి ఆ నమ్మకం లేదు."

"బస్సులోనే పోదాం. మూడు మారితే సరి, డ్రైవర్లంతా నావాళ్ళే," అన్నాడు మా ఆయన.

"ఆదివారం మీ బస్సులు సగం తిరగవు. రెండుసార్లు మధ్యాహ్నానికి చేరింది ఆ బస్సుల్లోనేగా," అన్నాను నేను. నిజం చెబితే నిష్ఠూరం. మొహం ముడుచుకున్నాడు.

మా ఆడపడుచు ఫోన్లో ఉంది. "స్కూలు కారు తీసుకెళ్ళు అన్నయ్యా. ఆదివారం క్లాసుల్లేవు. నేను రాలేను, మా అత్తవైపు వాళ్ళు దిగుతున్నారు. కారు పొద్దున్నే మీ గుమ్మంలో పెట్టి వెళ్తా."

"ఆ డబ్బా నేను నడపాలా?"

"డబ్బా అయినా తిన్నగా పోతుంది. నీ నోరొక్కటి ఊరుకుంటే."

నేను స్కూటర్ మీద మనిద్దరమే పోదామన్నాను. ఆ మాటకి మావయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "ఆవిడ నాకు వదిన. నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మీరిద్దరూ పోతారా?" అన్నారు. ఇంక స్కూటర్ ఊసెత్తలేదు.

మా ఆయన కాలుగాలిన పిల్లిలా బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరిగాడు. మాది రెండు గదుల ఇల్లు, అటు పది అంగలు వేస్తే గోడ. రైలు అన్నాడు, కాసేపటికి బస్సు అన్నాడు, మళ్ళీ రైలన్నాడు. పడుకునే వేళకి రైలు గెలిచింది. మావయ్యగారు విజయం సాధించినవాడిలా బూట్లు తుడుచుకుని మంచం పక్కన పెట్టుకున్నారు. తెల్లారేసరికి మా ఆయన బుద్ధి మళ్ళీ తిరిగింది. మోకాళ్ళ సంగతి ఎత్తాడు. మావయ్యగారు బూట్లు వేసుకునే ఉన్నారు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఒకరి మీద ఒకరు లేస్తుండగానే సమయం కాస్తా అయిపోయింది. మావయ్యగారు గోడ గడియారం వైపు చూసి, "ఇప్పుడే ప్లాట్‌ఫారం వదిలింది," అన్నారు, పోయిన మనిషి సంగతి చెప్పినట్టు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషులతో కాపురం ఇది. కమలాపండ్ల సంచీ పట్టుకుని నేనే మెట్లు దిగాను. కింద మా ఆడపడుచు పెట్టి వెళ్ళిన కారుంది.

ఆ కారుని చూసి మా ఆయనకి సగం ప్రాణం పోయింది. నెత్తిమీద ఎల్ బోర్డు. వెనక అద్దం మీద 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అని పెద్ద అక్షరాలు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క గీత పడనివ్వని మనిషాయన. పక్కసీటు కింద కూడా ఒక బ్రేకు పెడల్ ఉంది. నేర్చుకునేవాడు తప్పు చేస్తే నేర్పేవాళ్ళు తొక్కడానికట. పెద్దవాళ్ళన్న మర్యాదకి మావయ్యగారిని ఆ ముందు సీట్లోనే కూర్చోబెట్టాం. ఆ రోజు మేం చేసిన మొదటి పొరపాటు అదే.

మొదటి సిగ్నల్ దగ్గర పసుపు దీపం వెలిగింది. మా ఆయన దాటేద్దామని ముందుకి పోనిచ్చాడు. కారు గుద్దుకున్నట్టు ఆగింది. నా ఒళ్ళో కమలాపండ్లు కింద దొర్లాయి.

"నాన్నా, కాలు తియ్యి."

"పసుపు పడింది."

"పసుపు పడితే పోవచ్చు."

"పసుపంటే ముందు ఎరుపుందేమో చూసుకో అని. జీవితమంతా ఆ దీపం నేనే వేశాను, నాకు చెబుతావా?"

"ఇది రోడ్డు."

"రోడ్డు కాబట్టే చెబుతున్నా."

రెండో పసుపుకీ అదే జరిగింది. మూడోసారి వెనకనున్న వ్యాను మమ్మల్ని తాకబోయి తప్పుకుంది. దాని డ్రైవరు పక్కకొచ్చి, ఎల్ బోర్డు చూసి, మా ఆయన నెరిసిన మీసం చూసి, "ఈ వయసులో ఎందుకు బాబాయ్ ఇవన్నీ," అని జాలిగా అని వెళ్ళిపోయాడు. నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వకుండా ఉంటే బాగుండేది.

మా ఆయన స్టీరింగు మీద చేయి వేసి, తండ్రి వైపు చూడకుండా అన్నాడు. "నీకు బ్రేకు వేయడం తప్ప ఏం తెలుసు? మమ్మల్ని పెంచింది ఆవిడ. నువ్వెప్పుడున్నావు ఇంట్లో?"

మావయ్యగారు రెండు కాళ్ళూ పెడల్ మీంచి తీసి, సీటు కిందికి ముడుచుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మా ఆయన మొహం జేవురించి ఉంది, దవడ కదులుతోంది. నోటితో ఆపేసిన పోట్లాట లోపల ఇంకా జరుగుతోందని నాకు తెలుసు. ఆయనకి కోపం వస్తే చేతులు వాటంతటవి పనిచేసుకుపోతాయి.

నేను వెనక నుంచి హోమ్‌కి ఫోన్ చేశాను. నర్సు హుషారుగా ఉంది. "స్నానం చేసింది, తల దువ్వించుకుంది. బుడ్డోడు వస్తున్నాడా అని పొద్దుట్నించీ అడుగుతోంది. భోజనం లోపు వచ్చేయండి."

ఆ మాటే పైకి చెప్పాను. మా ఆయన తల ఊపాడు. కారు వేగం పెరిగింది. నాకు గుండె తేలికపడింది, కింద పడ్డ పండ్లు ఏరుకోవడానికి వంగాను. ఒకటి సీటు కిందికి పోయి ఎంతకీ అందలేదు. నేను ఇంకా వంగి వెతుకుతుండగానే కారు నెమ్మదించింది, పక్కకి తీసుకుని ఆగింది. తల ఎత్తి చూద్దును కదా, ఎవరో ముసలావిడ కూరగాయల సంచీతో నా పక్కన తలుపు తీస్తోంది. అది బస్టాపు.

"ఇది కారమ్మా," అన్నాను.

"మరి ఎందుకు ఆపారు?" అందావిడ. సబబైన ప్రశ్నే.

మా ఆయనకి ఆ మాటలేవీ చెవిన పడలేదు. కారు మళ్ళీ కదిలింది. ఏదో పొరపాటున ఆపి ఉంటాడనుకున్నాను. పెద్ద ఫర్నిచర్ షాపు దాటింది, నీళ్ళ ట్యాంకు దాటింది. చూసిన దారిలాగే ఉందే అని నేననుకునేలోపు ముందు ఇనప గేటు వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి, అలవాటు కొద్దీ గేటు తీశాడు. అప్పుడు కారుని చూసి బిత్తరపోయాడు.

"ఏంటన్నా, ఇవాళ నీకు ఆఫ్ కదా?"

అది మా ఆయన బస్సు డిపో.

హైవేకి పోవాలంటే సర్కిల్ దగ్గర పక్కకి తిరగాలి. ఆయన చేతులు రోజూ పోయే దారిన తిన్నగా పోయాయి. నగరానికి ఇది ఒక చివర, మేం వెళ్ళాల్సింది ఇంకో చివర. మా ఆయన ఇంజను ఆపేసి, నుదురు స్టీరింగుకి ఆనించి, "ఇక్కడికెందుకొచ్చాను?" అన్నాడు. నన్ను అడిగినట్టు కాదు, తనని తానూ అడిగినట్టు కాదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఊరందరినీ టైముకి చేర్చే మొనగాడు పెంచిన తల్లి దగ్గరికి పోలేకపోయాడు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత," అన్నాను. ఇంకా చాలా అన్నాను. పట్టాలు దారి తప్పవన్న మాట మావయ్యగారి నాలిక చివర ఉందని నాకు తెలుసు. ఆ మాట ఆయన అనలేదు. ఆ ఒక్కదానికీ పొద్దుటి బ్రేకులన్నీ నేను క్షమించేశాను.

వాచ్‌మన్ కిటికీలోకి వంగి, ఇంకాసేపట్లో డిపో నుంచి హైవే వైపు బస్సు బయల్దేరుతుంది, అందులో పొండని సలహా ఇచ్చాడు. మా ఆయన తలెత్తాడు. మావయ్యగారు మెల్లిగా, ఇక్కణ్ణించి లోకల్ రైలు స్టేషను దగ్గరే కదా అన్నారు. మళ్ళీ మొదటికే వస్తోంది వ్యవహారం.

"ఇంక ఎవరూ నోరెత్తొద్దు," అన్నాను. "ఇప్పటికి ఎక్కిందేదో అందులోనే పోదాం. మావయ్యగారూ, మీరు వెనక్కి రండి."

నేను ముందు కూర్చున్నాను. అంతవరకూ నాకు అర్థం కాలేదు గానీ, ఆ పెడల్ కాలి దగ్గరుంటే తొక్కకుండా ఉండటం మామూలు విషయం కాదు. ఆదివారం ట్రాఫిక్ అంతా మా ముందే కూడబలుక్కుని వచ్చినట్టుంది. పెళ్ళిళ్ళకి పోయే వ్యాన్లు, మంచం కట్టుకుని పోయే ఆటో, ఊరికే షికారుకి వచ్చినవాళ్ళు. ప్రతి సిగ్నల్ దగ్గరా మా ఆయన వేళ్ళు స్టీరింగు మీద తాళం వేస్తున్నాయి. నా కాలు బిగుసుకుపోతోంది. వెనక మావయ్యగారు కమలాపండు వొలిచి, తొనలు తీసి, ఎవరికీ ఇవ్వకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

హైవే ఎక్కాక మళ్ళీ హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. భోజనాలు పెడుతున్నామంది నర్సు. కాసేపు ఆపగలరా అని గొంతు తగ్గించి అడిగాను. "ఆకలంటోందమ్మా. ఎలా ఆపను?" అంది.

"ఏమంది?" అన్నాడు మా ఆయన.

"రమ్మంది."

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత తాళం వేయడం కూడా మానేశాడు.

మేం చేరేసరికి హోమ్ వరండాలో ఎండ వాలిపోయింది. గిన్నెలు కడిగిన చప్పుళ్ళు ఆగిపోయి, అంతా సద్దుమణిగి ఉంది. నర్సు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మా మొహాలు చూసి ఆవిడకే బాధేసింది. "భోంచేసి పడుకుని, ఇప్పుడే లేచింది. గేటు వైపు చూసి చూసి పడుకుంది పాపం. ఇంక ఇవాళ్టికి..." అని ఆపేసింది.

మా ఆయన అక్కడికక్కడే వెనక్కి తిరిగాడు. "పదండి, పోదాం. ఇంకో రోజు చూద్దాం."

"ఇంత దూరం వచ్చి గుమ్మంలోంచి పోతారా?"

"ఎవరు బాబూ అంటుంది. మూడోసారి వినలేను నేను. నావల్ల కాదు." చొక్కా భుజంతో మొహం తుడుచుకున్నాడు. అది చెమట కాదు.

పొద్దుట్నించీ నా లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి చల్లారిపోయింది. డిపో దగ్గర అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. "అంటే అననీయండి," అన్నాను. "ఎవరు అని అడగడానికైనా ఎదురుగా మనిషి ఉండాలి కదా."

ఆయన లోపలికి నడిచాడు. మావయ్యగారు వరండాలో బెంచీ మీద ఉండిపోయారు. కొడుకు పొద్దున అన్న మాట ఇంకా ఆయన మొహం మీదే ఉంది.

చిన్న గది. మంచం, బీరువా, గోడకి ఒక అద్దం. కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి, రెండూ కిటికీ వైపే తిరిగి ఉన్నాయి. వెనక కుర్చీలో పెద్దమ్మ ఉంది. తెల్లటి జుట్టు నున్నగా దువ్వి ఉంది. ఒళ్ళో పాత తోలు సంచీ, దాని పట్టీ భుజానికే ఉంది. అది తీస్తే అన్నం తినదని నర్సు చెప్పింది. ఆవిడ మమ్మల్ని చూసింది, కుర్చీలనీ బీరువానీ చూసినట్టే చూసింది.

ఆ చూపుకి ఎదురు నిలబడలేక మా ఆయన పోయి ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడకి వీపు, కిటికీకి మొహం. బయట సన్నటి రోడ్డు, చివర గేటు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే ఉన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

కొంతసేపు గడిచాక వెనక నుంచి పెద్దమ్మ విసుగ్గా, "ఎక్కేవాళ్ళు ఎక్కారుగా. ఇంకా ఆపావేం? పోనీ," అంది.

మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. మళ్ళీ కిటికీ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "మార్కెట్," అన్నాడు.

"మార్కెట్... మార్కెట్ వాళ్ళు దిగండి," అంది పెద్దమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ విననిది. గది దాటి వరండాలోకి వినిపించింది. "ముందుకి జరగండమ్మా. మధ్యలో అంతా ఖాళీగానే ఉంది. పోనీ బాబూ."

"పాత ఆసుపత్రి."

"ఆసుపత్రి వాళ్ళు దిగండి. పెద్దాయన దిగుతున్నాడు, మెల్లిగా."

"మిల్లు గేటు," అన్నాడు మా ఆయన. మిల్లు మూసేసి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు అక్కడ స్టాపు లేదు, ఆవిడ కోసం చెప్పాడు. మిల్లు గేటు దగ్గర చాలామందే దిగినట్టున్నారు, ఆవిడ కాసేపు ఆగింది. పోనీ అనగానే ఆయన, "నీళ్ళ ట్యాంకు," అన్నాడు.

పెద్దమ్మ సంచీ మీద అరచేత్తో గట్టిగా కొట్టింది.

"బడి ఏదీ? బడి దగ్గర ఆపకుండా పోతావా? కొత్తవాడివా ఏం?"

ఆ బడి ఇప్పుడు ఫర్నిచర్ షాపు. స్టాపు ఎప్పుడో ఎత్తేశారు. రోజూ ఆ ముందు నుంచే ఆయన బస్సు ఆగకుండా పోతుంది, పొద్దున కారు కూడా అలాగే పోయింది. ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

"ఆపాను," అన్నాడు.

"ఆ. మా బుడ్డోడు ఎక్కాలి."

ఏ మాట కోసం పొద్దుట్నించీ ఊరంతా తిరిగామో ఆ మాట వచ్చింది. కానీ అది ఆయన్ని చూసి అన్నది కాదు. నాకు ఏడుపొచ్చి తలుపు పట్టుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకి టైమంటే టైమే. ఆయన బస్సు వెంట పరిగెత్తి ఎక్కగలిగినవాళ్ళు ఈ నగరంలో లేరు. చెయ్యెత్తినా, కేకేసినా, అద్దంలో చూస్తాడు, పోనిచ్చేస్తాడు. ఇదేం రాతిగుండె అని నేనడిగితే ప్రతిసారీ పెద్దమ్మ బస్సే చెప్పేవాడు. "నేను బడి నుంచి రోడ్డు మీదకి వచ్చేసరికి ఆ బస్సు వచ్చి నిలబడి ఉండేది. ఒక్కరోజు నేను ఎదురుచూసింది లేదు. అదీ డ్యూటీ అంటే." ఆయన ఉద్యోగం అంతా ఆ ఒక్క బస్సు మీద నిలబడి ఉంది.

"ఇంకా రాలేదేంటి?" అన్నాడాయన, కిటికీ వైపే చూస్తూ.

"వస్తాడు. వాడి నడక అంతే. కుక్కపిల్ల కనబడితే ఆగుతాడు, గోడ మీద బొమ్మ కనబడితే ఆగుతాడు. తల్లిలేని పిల్లాడు, వాణ్ణి తొందరపెట్టడానికి నాకు నోరు రాదు." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "జనం తిట్టుకుంటారు. తిట్టుకోనీ. కొంచెం ఆగు బాబూ."

"రోజూ ఆగుతారా?"

"రోజూ. డ్రైవరు సణుగుతాడు, డిపోలో లేటు రాస్తారు. ఏం చేస్తాం? వాడొచ్చేసరికి బస్సు ఉండాలి." సంచీ సర్దుకుని, "వాడితో మాత్రం చెప్పకు. చెబితే ఇంకా నింపాదిగా వస్తాడు," అంది.

మా ఆయన వీపు ఒకసారి కదిలింది. చేత్తో నోరు మూసుకున్నాడు. నేను దగ్గరికి పోబోతే, వద్దని రెండో చేయి వెనక్కి ఊపాడు. నేలని తొక్కిన కాలు మాత్రం తీయలేదు.

"వెళ్ళిపోవుగా?" అంది పెద్దమ్మ.

"వెళ్ళను పెద్దమ్మా. వచ్చేదాకా ఆగుతాను."

ఆవిడ తృప్తిగా వెనక్కి వాలింది. ఇద్దరూ కిటికీలోంచి ఆ ఖాళీ గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. పొద్దుట్నించీ ఒక్కచోట నిలవని మనిషి, నిమిషానికోసారి గడియారం చూసిన మనిషి, రాయిలా కూర్చున్నాడు.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగాను. మావయ్యగారు గుమ్మంలో ఉన్నారు. వరండాలోంచి ఎంత విన్నారో తెలియదు. పైకి మాత్రం మామూలుగా, "చీకటి పడితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం. సాయంత్రం రైలు ఒకటుంది. అదైతే..." అన్నారు.

"సిగ్నల్ పడలేదు మావయ్యగారూ," అన్నాను.

ఆయన నన్ను చూశారు. కిటికీ దగ్గరున్న ఇద్దరినీ చూశారు. ఆ మాట ఆయనకి విడమర్చి చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గరే వంగి, నొప్పి మోకాళ్ళతో ఎంతోసేపు తంటాలు పడి, బూట్లు విప్పారు. కమలాపండు తొనలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాటితో లోపలికి వచ్చి, ఎక్కడ ఉండాలో తెలియక కొడుకు కుర్చీ పక్కన నిలబడ్డారు.

పెద్దమ్మ తలెత్తి ఆయన్ని చూసింది.

"అక్కడే నిలబడితే ఎలా? ముందుకి జరగండి బాబూ. పిల్లాడు ఎక్కాలి," అంది.

మావయ్యగారు జరిగారు.